మనకు తెలుసన్న సంగతి మనకింకా తెలియదు

సైబర్ చట్టాల పేరు చెప్పగానే మూతి ముడుచుకునేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. ఆ చట్టాలకు కట్టుబడి నడుచుకోవడాన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కంప్లయన్స్ అంటారు. అదో పెద్ద తలనొప్పట! ఖర్చు దండగట! పని సాగనివ్వదట! ఎంత కృతఘ్నత!

నిజానికి ఈ కాలపు మనిషికి దొరికిన గొప్ప వరం కంప్లయన్స్. పూర్వం తప్పు జరిగితే ఏమయ్యేది? ఎవరో ఒకరు సిగ్గుపడాల్సి వచ్చేది. నష్టపోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, నీళ్ళు నములుతూ క్షమించమని అడగాల్సి వచ్చేది. ఇప్పుడా అవస్థ లేదు. తప్పుకొక పాలసీ ఉంది, పాలసీకొక కమిటీ ఉంది, కమిటీకొక ఆఫీసరు ఉన్నాడు. సిగ్గుపడే పనికి కూడా జీతమిచ్చి మనిషిని పెట్టుకున్న నాగరికత ఇంతకుముందు ఎక్కడైనా ఉందా?

నమ్మకం కుదరనివాళ్ళు కామా సంగతి వినాలి.

కామా అతని అసలు పేరు కాదు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెల్ప్ పేజీలు రాసే ఉద్యోగం అతనిది. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో జనానికి విడమరిచి చెప్పాలి. వీలు దొరికిన ప్రతిచోటా ఒక కామా పెట్టేవాడు. ఎందుకయ్యా ఇన్ని అని అడిగితే, "చదివేవాళ్ళు ఊపిరి పీల్చుకోవద్దాండీ?" అనేవాడు. అలా ఆ పేరు ఖాయమైపోయింది.

ఆ కంపెనీ తయారుచేసేది ఒక ఫోన్ యాప్. ఏ మాత్ర ఏ వేళకి వేసుకోవాలో గుర్తుచేస్తుంది. మోగినా వేసుకోలేదనుకోండి, మీరిచ్చిన ఇంకో నంబరుకి ఫోన్ చేసి, మీవాళ్ళు మాత్ర మరిచిపోయారని చెబుతుంది. మంచి యాపే! బీపీ ఉన్నవాళ్ళు, షుగరున్నవాళ్ళు, నలుగురిలో పేరు చెప్పుకోలేని జబ్బులున్నవాళ్ళు అందరూ వాడేవారు. కట్టుకున్నవాళ్ళకు చెప్పని సంగతులు కూడా దానికి చెప్పుకునేవారు.

అంతలో కొత్త చట్టం వచ్చింది. జనం వివరాలు దగ్గర పెట్టుకునే ప్రతి కంపెనీ బాధ్యుడైన ఒక ఆఫీసరుని నియమించాలి. ఏదైనా జరిగితే ప్రభుత్వం మొదట పట్టుకునేది అతన్నే.

ఆ వార్త తెలియగానే ఆఫీసులో ఆరోగ్యాలన్నీ ఒక్కసారిగా పాడైపోయాయి. ఫైనాన్స్ మేనేజరుకి నడుం పట్టేసింది. సేల్స్ మేనేజరుకి బాధ్యత అన్న మాట వింటే దద్దుర్లొస్తాయని బయటపడింది. ఇంజనీర్ల పెద్దాయనకు ఉన్నట్టుండి పెళ్ళి కుదిరింది. ఆయనకు అప్పటికే పెళ్ళయి పిల్లలున్నారన్న సంగతి అందరికీ తర్వాత గుర్తొచ్చింది.

డైరెక్టరు కామాను పిలిపించాడు.

"ఏమయ్యా కామా, నువ్వు చదువుతావటగా?"

"ఏం చదువుతానండీ?"

"ఏదైనా సరే. చివరిదాకా."

"అలవాటండీ."

"అయితే ఇవాళ్టి నుంచి కంప్లయన్స్ ఆఫీసర్‌వి నువ్వే."

"నాకు చట్టం గురించి ఏమీ తెలీదండీ!"

"తెలిసినవాళ్ళు ఒప్పుకోవడం లేదయ్యా!" అన్నాడు డైరెక్టరు.

అలా కామా కాస్తా కామాగారయ్యాడు. గది ఇచ్చారు. అంతకుముందు అది ప్రింటర్ గది. ప్రింటర్ని బయటికి జరపడానికి ఎవరికీ తీరిక లేకపోవడంతో అది అక్కడే ఉండిపోయింది. చట్టం గురించి అతను దీర్ఘంగా ఆలోచిస్తున్నప్పుడల్లా ఎవరో ఒకరు తలుపు తోసుకొచ్చి, "మీరు కానివ్వండి సార్, రెండు కాగితాలే," అని ప్రింట్లు తీసుకుపోయేవారు. తిరిగే కుర్చీ ఇచ్చారు. కొంచెం ఎడమవైపుకే తిరిగేదనుకోండి, అయినా తిరిగేది.

కామాకి గర్వంగానే ఉంది. ఎందుకుండదు? జీవితంలో మొదటిసారి అతని తలుపు మీద బోర్డు పెట్టారు. చట్టం మొత్తం కూర్చుని చదివాడు. అందులో ఒక వాక్యం అతనికి మరీ నచ్చింది. ఒక మనిషి వివరాలు బయటపడితే, ఆ మనిషికి, ఆలస్యం చేయకుండా, అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. కామాలన్నీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయనుకుని మురిసిపోయాడు పాపం.

ఇక చూడండి, ఆ కంపెనీలో కంప్లయన్స్ ఎలా పొంగిపొర్లిందో!

ఉద్యోగులందరికీ సైబర్ భద్రత మీద ట్రైనింగ్ వీడియో వచ్చింది. వీడియో అయ్యాక పరీక్ష. అన్నిటికంటే పొడుగ్గా ఉన్న జవాబే ఎప్పుడూ సరైన జవాబని మొదటిరోజే కనిపెట్టేశారు. అంతే! కంపెనీ మొత్తం ఫస్టుక్లాసులో పాసైంది. ఒక్కరూ వీడియో చూడలేదు. ఫలితాలు చూసి డైరెక్టరు కళ్ళు చెమర్చాయి.

పాస్‌వర్డులు తరచూ మార్చుకోవాలన్నారు. మార్చుకున్నారు. గుర్తుండక చీటీల మీద రాసి కంప్యూటర్లకు అంటించుకున్నారు. అది ప్రమాదమని కామా మొత్తుకుంటే, కమిటీ కూర్చుని కఠినమైన నిర్ణయం తీసుకుంది. చీటీలు ఇకమీదట కీబోర్డు పైన కాదు, కింద అంటించాలి!

రహస్య కాగితాలను ముక్కలు చేసే మిషను కొన్నారు. ఏ కాగితం ముక్కలు చేశామో రుజువుండాలి కదా? అందుకని మిషనులో పెట్టేముందు ప్రతి కాగితానికీ ఒక జిరాక్సు తీసి బీరువాలో భద్రపరిచేవారు.

ఇంతటితో ఆగారా? ప్రమాదాలన్నిటికీ రంగులు వేశారు. పెద్ద ప్రమాదానికి ఎరుపు, ఓ మోస్తరుదానికి పసుపు, చిన్నదానికి ఆకుపచ్చ. "జనం వివరాలు బయటికి పోయే అవకాశం" అన్నదానికి కామా ఎరుపు వేశాడు. మీటింగులో డైరెక్టరు కళ్ళు చికిలించి, "ఎరుపు చూస్తే నాకెందుకో అశుభంగా ఉంటుందయ్యా. పసుపు చెయ్," అన్నాడు. పసుపైంది. పసుపు పెట్టుబడిదారులకు నచ్చదని తర్వాతి మీటింగులో ఆకుపచ్చ చేశారు. ప్రమాదం ఎంత తేలిగ్గా తగ్గిందో చూశారా? ఏ ఇంజనీరూ కుర్చీలోంచి లేవలేదు.

ఇదిలా ఉండగా, కామాకి ఒక అక్క ఉంది. అతను ఉండే బిల్డింగులోనే కింది వాటాలో ఉంటుంది. తల్లీ తండ్రీ లేని ఇంట్లో తమ్ముడిని పెంచింది ఆవిడే. ఆ మధ్య ఆవిడకి గడ్డుకాలం వచ్చింది. ఏ జబ్బూ లేదు, జ్వరమూ లేదు. పొద్దున్నే మంచం దిగాలంటే కాళ్ళు రావు. పలకరిస్తే కన్నీళ్ళు. డాక్టరు ఒక మాత్ర రాశాడు. కొన్నాళ్ళకు మనిషి తేరుకుంది. పక్క వీధిలోని డే కేర్ సెంటరులో పిల్లలను చూసుకునే ఉద్యోగంలో చేరింది. ఆ పసివాళ్ళ మధ్య పడి నవ్వడం మళ్ళీ నేర్చుకుంది.

ఆ మాత్ర సంగతి డాక్టరుకీ, తమ్ముడికీ, వీధి చివర మందుల షాపాయనకీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ షాపాయన పాతకాలపు పెద్దమనిషి. నలుగురూ కౌంటరు ముందున్నప్పుడు ఆవిడ వస్తే, అడగకుండానే మాత్రలు ముందే కవరులో పెట్టి చేతికిచ్చేవాడు.

ఆవిడ ఫోన్లో యాప్ పెట్టింది కామానే. "మరిచిపోతున్నావక్కా, ఇది గుర్తుచేస్తుంది," అన్నాడు. వేసుకోకపోతే ఎవరికి చెప్పాలని యాప్ అడిగితే, పగలంతా అక్కడే ఉంటాను, ఫోను ఎత్తేదీ నేనే కదా అని ఆవిడ డే కేర్ నంబరు ఇచ్చింది. తమ్ముడి కంపెనీయే కదా, ఇంకేం భయం!

ఒక మధ్యాహ్నం డేటాబేస్ చూసుకునే అమ్మాయి ప్రింటర్ గదిలోకి వచ్చింది. ప్రింటు కోసమేమో అనుకున్నాడు కామా. ఆ అమ్మాయి తలుపు గడియ పెట్టింది.

"సార్, టెస్టింగ్ కోసం అసలు డేటా కాపీ ఒకటి బయటి సర్వర్లో పెట్టాం. దానికి పాస్‌వర్డ్ పెట్టలేదు."

"ఎవరు పెట్టలేదు?"

"అందరం సార్."

"ఇంకా అలాగే ఉందా?"

"ఇప్పుడే మూసేశాను. కానీ ఎవరో మొత్తం దింపుకుపోయారు."

"మొత్తమంటే?"

"పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరే మాత్ర వేసుకుంటున్నారో, వేసుకోకపోతే ఎవరికి చెప్పాలో..." ఆ పిల్ల ప్రింటర్ వైపు మొహం తిప్పుకుంది. "మా నాన్నవి కూడా ఉన్నాయి సార్."

కామాకి చట్టంలో తనకు నచ్చిన వాక్యం గుర్తొచ్చింది. ఆలస్యం చేయకుండా చెప్పాలి! పరుగున డైరెక్టరు గదికి వెళ్ళాడు. అక్కడ కంపెనీ లాయరమ్మ కూడా ఉంది. చాలా మెత్తగా మాట్లాడుతుంది. ఆవిడ నోటి వెంట అవుననే మాటగానీ కాదనే మాటగానీ విన్నవాళ్ళు ఆ ఆఫీసులో లేరు.

"సార్, డేటా లీకైంది. జనానికి ఇవాళే చెప్పాలి," అన్నాడు కామా ఆయాసపడుతూ.

"లీకేంటయ్యా, మనదేమన్నా కుళాయా!" అన్నాడు డైరెక్టరు.

లాయరమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. "చట్టం ఏమంటోంది? కంపెనీకి తెలిసిన తర్వాత ఆలస్యం చేయకూడదంటోంది. కంపెనీకి తెలిసిందా అన్నది ముందు తేలాలి."

"తెలిసింది కదండీ! ఆ అమ్మాయి చూసి వచ్చి చెప్పింది."

"ఆ అమ్మాయికి తెలిసింది. మీకు తెలిసి ఉండొచ్చు. కంపెనీకి?"

"కంపెనీకి విడిగా ఎలా తెలుస్తుందండీ?"

"అందుకే కమిటీ వేద్దాం. మనకు తెలుసన్న సంగతి మనకింకా తెలియదు. అంతవరకూ ఎవరూ ఇంట్లో కూడా నోరు మెదపకూడదు."

డైరెక్టరు ఆవిడ వైపు భక్తిగా చూశాడు. అక్కడికక్కడే అందరిచేతా రహస్యం కాపాడతామని సంతకాలు పెట్టించారు. ఆ కాగితంలోని మాటలు అంతకుముందెప్పుడో కామా రాసిపెట్టినవే. తన కామాల కిందే సంతకం చేసి బయటికొచ్చాడు.

తెలివితక్కువవాళ్ళు దీన్ని ఆలస్యం అంటారు. కాదు! ఇది జ్ఞానానికి సంబంధించిన లోతైన విచారణ. తెలియడమంటే ఏమిటని మునులు అడవుల్లో కూర్చుని ఆలోచించారు. వీళ్ళు ఏసీ గదిలో కూర్చుని, టీలు తాగుతూ ఆలోచించారు. తేడా అంతే.

కమిటీ కూర్చుంటూనే ఉంది. కంపెనీకి తెలిసినట్టే ఉందని చివరికి ఒప్పుకున్నాక, జనానికి ఏ మాటల్లో చెప్పాలన్న చర్చ మొదలైంది. దొంగతనం అనకూడదు, పోలీసులు గుర్తొస్తారు. పొరపాటు అనకూడదు, ఎవరిదని అడుగుతారు. విచారిస్తున్నాం అనకూడదు, విచారించడమంటే ఒప్పుకోవడమే. ఒక్కో మాటా తీసేస్తూ పోతే కాగితం మీద కంపెనీ పేరూ, నమస్కారమూ మిగిలాయి. అక్కణ్ణుంచి మళ్ళీ కట్టుకుంటూ వచ్చారు.

ఈలోగా అక్కకి ఫోన్లు మొదలయ్యాయి.

"మేడం, నిద్ర సరిగా పడుతోందా? దిగులుగా ఉంటోందా?" అంటూ ఎవరో తీయటి గొంతుతో అడిగేవారు. ఆవిడ వేసుకునే మాత్ర పేరు చెప్పి, అది మానేసి దిగులు పోగొట్టే మా కోర్సులో చేరండనేవారు. ఆవిడ బిత్తరపోయింది. మాత్ర పేరు వీళ్ళకెలా తెలుసు? డాక్టరు ఎప్పుడో ఊరొదిలి వెళ్ళిపోయాడు. తమ్ముడు చెప్పడు. ఇక మిగిలిందెవరు?

ఆ సాయంత్రం కామా భోజనానికి కూర్చునేసరికి అక్క మొహం జేవురించి ఉంది.

"ఆ మందుల షాపాయన్ని కడిగిపారేసి వచ్చాన్రా! ఎంత పెద్దమనిషి అనుకున్నాను! నా సంగతి ఎవడికో అమ్ముకున్నాడు."

కామా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఆయన... ఏమన్నాడు?"

"ఏమంటాడు? నేను కాదమ్మా, నేను కాదమ్మా అని ఒకటే మాట. అందరి ముందూ అడిగేశాను. తల దించుకున్నాడు. తప్పు చేసినవాడు కాకపోతే ఎందుకు దించుకుంటాడు?"

చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. సంతకం గుర్తొచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చింది. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నీళ్ళు తాగి, "ఆఫీసులో పనుందక్కా," అని లేచిపోయాడు.

ఆ తర్వాత మందుల షాపు మీదుగా వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేవాడు. ఆ పెద్దాయన కౌంటరు వెనక ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని ఉండటం ఓసారి దూరం నుంచి కనిపించింది. చట్టప్రకారం కామా ఏ తప్పూ చేయలేదు. రహస్యం కాపాడాడు. అయినా ఎందుకో అన్నం సయించడం మానేసింది. కంప్లయన్స్‌కి పొట్ట ఇంకా అలవాటు పడనట్టుంది!

అంతటితో పోలేదు. డే కేర్ నంబరుకి కూడా ఎవరో ఫోన్ చేశారు. "మీ దగ్గర పనిచేసే ఆవిడ ఫలానా మాత్ర వేసుకుంటుంది. మీ స్టాఫందరికీ కోర్సు తీసుకుంటారా? తగ్గించి ఇస్తాం," అన్నారు. ఆ పూట ఫోను ఎత్తింది ఆ సెంటరు నడిపే ఆవిడ. పిల్లలందరూ ఆవిణ్ణి పెద్ద టీచర్ అంటారు.

పెద్ద టీచర్ చెడ్డమనిషి కాదు. భయపడింది, అంతే. అక్కను పక్కకు పిలిచి, "కొన్నాళ్ళు వంటగదిలో పని చూడమ్మా. పిల్లల దగ్గరికి వద్దు. ఎవరి అమ్మానాన్నలకైనా తెలిస్తే గొడవైపోతుంది," అంది.

అక్క ఎదురు చెప్పలేదు. పళ్ళేలు కడుగుతూ కూర్చుంది. అక్కడొక బుడతడున్నాడు. అక్క భుజం మీద తప్ప నిద్రపోడు. వాడు మధ్యాహ్నమంతా వంటగది తలుపు అవతల కూర్చుని, తలుపును అరచేతులతో కొడుతూ ఏడ్చాడు. ఇవతల ఆవిడ కుళాయి గట్టిగా తిప్పి, నీళ్ళ చప్పుడులో తనూ ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే కమిటీ తపస్సు ఫలించింది. జనానికి పంపాల్సిన ప్రకటన సిద్ధమైంది. పంపేశారు కూడా! అందులో ఇలా ఉంది.

"ప్రియమైన వినియోగదారులారా, మీ గోప్యతే మా ఊపిరి. మీ ఆరోగ్య ప్రయాణంలో మీకు మరింత చేరువయ్యే క్రమంలో, మీ సమాచార లభ్యతా పరిధిలో ఇటీవల ఒక అనుకోని విస్తరణ గమనించడమైనది. మా పటిష్టమైన వ్యవస్థలు యథావిధిగా పనిచేయుచున్నవి. మీరు చేయవలసినదేమియూ లేదు. మీ నమ్మకమునకు ధన్యవాదములు."

కింద పూలగుత్తులు పట్టుకుని నవ్వుతున్న ఒక కుటుంబం బొమ్మ.

సాయంత్రం అక్క ఫోను పట్టుకుని పైకి వచ్చింది. ఏడ్చిన కళ్ళు ఇంకా ఉబ్బే ఉన్నాయి. అయినా తమ్ముడి కోసం నవ్వు తెచ్చుకుంది.

"ఒరేయ్, మీ ఆఫీసు నుంచి ఏదో వచ్చింది. విస్తరణట. కొత్త బ్రాంచి పెడుతున్నారా? నీకేమన్నా ప్రమోషనా?"

కామా ఇక తట్టుకోలేకపోయాడు.

"అక్కా, అది బ్రాంచి కాదు. నీ మాత్ర పేరు బయటికి పోయింది మా దగ్గర్నుంచే. తాళం వెయ్యడం మరిచిపోయాం. ఎవరో ఎత్తుకుపోయారు."

అక్కకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక మెల్లిగా కుర్చీలో కూలబడింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే."

"నేను ఆ షాపాయన్ని తిట్టొచ్చానని చెప్పినప్పుడు?"

"అప్పటికే తెలుసు."

అరుస్తుందనుకున్నాడు. చెంప మీద ఒకటి వేసినా బాగుండేది. ఆవిడ చేతిలో ఉన్న ఫోను వంక చూస్తూ, "అంత పెద్దాయన్ని ఎన్ని మాటలన్నాన్రా!" అంది. లేచి చెప్పులేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "నాకు పోయింది పోయింది. కనీసం మనుషుల్ని అనుమానించకుండా ఉండేదాన్ని కదరా, చెప్పుంటే!" అని మెట్లు దిగి మందుల షాపు వైపు వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే కామా ఆఫీసుకెళ్ళి ప్రింటర్ గదిలో కూర్చున్నాడు. ఏ కమిటీనీ అడగలేదు. హెల్ప్ పేజీ రాసినట్టే రాశాడు.

"మీరు వేసుకునే మాత్రల వివరాలు, మీ పేరుతో, ఫోన్ నంబరుతో సహా, మా దగ్గర్నుంచి బయటికి పోయాయి. మేము తాళం వేయలేదు. తప్పు మాది. మీకు చెప్పడంలో ఆలస్యం చేశాం. అదీ మా తప్పే. ఎవరైనా ఫోన్ చేసి మీ మాత్ర పేరు చెబితే, మీ డాక్టరునో, మందుల షాపునో, ఇంట్లోవాళ్ళనో అనుమానించకండి, మమ్మల్ని అనుమానించండి. మీరు పనిచేసే చోట ఎవరైనా మిమ్మల్ని వేరుగా చూస్తే, ఈ మెసేజ్ చూపించండి. మాత్ర వేసుకోవడం మాత్రం మానకండి."

కింద తన అసలు పేరు రాశాడు. డేటాబేస్ అమ్మాయి వచ్చి అందరికీ పంపే బటన్ ఎక్కడుందో చూపించింది. "నేనేమీ చూడలేదు సార్," అని గోడవైపు తిరిగి నిలబడింది. కామా నొక్కాడు.

ఆఫీసు అట్టుడికిపోయింది. ఫోన్లు ఆగకుండా మోగాయి. తిట్టినవాళ్ళున్నారు. బూతులు తిట్టినవాళ్ళున్నారు. యాప్ తీసేసినవాళ్ళకైతే లెక్కే లేదు. ఒకావిడ మాత్రం ఫోన్లో వెక్కివెక్కి ఏడ్చిందట. నా మొగుడే బయట చెప్పాడనుకుని పుట్టింటికి వచ్చేశాను, ఇప్పుడే తిరిగి వెళ్తున్నాను అందట.

ఇక్కడ కంప్లయన్స్ గొప్పతనం ఇంకోసారి చూడండి. డేటా పోయిన సంగతి కంపెనీకి తెలియడానికి అంతకాలం పట్టిందా? కామా చేసిన పని మాత్రం కంపెనీకి తక్షణం తెలిసిపోయింది! కమిటీ అవసరమే పడలేదు.

"ఏం పని చేశావయ్యా! పరువు తీశావు కదా!" అన్నాడు డైరెక్టరు.

"చట్టంలో ఉన్నదే చేశానండీ. అర్థమయ్యే మాటల్లో చెప్పమంది."

డైరెక్టరు లాయరమ్మ వంక చూశాడు. "ఇది మన పాలసీని ఉల్లంఘించినట్టేనా?"

"అవును," అంది లాయరమ్మ.

ఆవిడ అవుననడం విని గుమ్మంలో ఉన్నవాళ్ళు కూడా ఉలిక్కిపడ్డారు. కమిటీ ఆమోదించని మాటలు వాడినందుకు కామా ఉద్యోగం పోయింది. ఆ మాటలేమిటో కూడా ఉత్తర్వులో రాశారు. "తాళం", "తప్పు", "మాది". అతను సామాన్లు తీసుకుని బయటికి వస్తుంటే ఎవరో పక్కనుంచి దూరి, "మీరు వెళ్ళండి సార్, రెండు కాగితాలే," అని ప్రింటర్ దగ్గరికి పోయారు.

అక్క ఆ మెసేజ్ తీసుకుని డే కేర్‌కి వెళ్ళింది. పెద్ద టీచరుకి చూపించాల్సిన పనే పడలేదు. ఆవిడే వంటగదిలోకి వచ్చి, తలుపు వేసి, ముక్కాలిపీట మీద కూర్చుంది.

"నాకూ వచ్చిందమ్మా ఈ మెసేజ్," అంది కొంగుతో మొహం తుడుచుకుంటూ. "నేనూ వేసుకుంటాను. నీకంటే పెద్ద డోసు."

తర్వాత పెద్ద టీచర్ లేచి తలుపు బార్లా తీసింది. బుడతడు అవతలే ఉన్నాడు. అక్క చేతులు తుడుచుకునేలోపే వచ్చి కాళ్ళకు చుట్టుకున్నాడు.

కామా మందుల షాపు ముందుకు వెళ్ళి నిలబడటానికి కొంచెం ధైర్యం కూడదీసుకోవాల్సి వచ్చింది. "మీ అమ్మాయిలాంటిది, అక్క తెలియక అంది. తెలిసీ చెప్పనిది నేను," అన్నాడు. పెద్దాయన చాలాసేపు మాత్రల అట్టలు సర్దుతూ ఉండిపోయాడు. "ఆ రోజు నా మాట నమ్మినవాళ్ళు ఒక్కరూ లేరు బాబూ," అన్నాడు చివరికి. "నిన్న అదే నలుగురూ వచ్చి, ఏమీ జరగనట్టు దగ్గుమందు అడిగారు." క్షమించానని అనలేదు. కూర్చోమని స్టూలు మాత్రం చూపించాడు. మందుల పెట్టెల్లో మడతపెట్టి ఉండే కాగితాలు జనానికి అర్థమయ్యేలా రాసేవాళ్ళు కావాలట, తనకు తెలిసిన కంపెనీలో, వెళ్ళి అడగమన్నాడు. కామా అడిగాడు. ఇచ్చారు. ఇప్పుడక్కడ తృప్తిగా కామాలు పెట్టుకుంటున్నాడు.

ఇక పాత కంపెనీ ఏమైందంటారా? ఏమవుతుంది? వర్ధిల్లింది!

ప్రభుత్వ కార్యాలయంలో ఎవరో ఆ మెసేజ్ చదివారు. చట్టం వచ్చిన తర్వాత ఒక ప్రకటన చదివి అర్థం చేసుకోవడం వాళ్ళకదే మొదటిసారి. ఆనందం పట్టలేక, నిజాయితీకి నిలువెత్తు ఉదాహరణ అంటూ కంపెనీకి పురస్కారం ప్రకటించారు. పెద్ద హాలు, దీపాలు, వేదిక. డైరెక్టరు శాలువా కప్పించుకుని మైకు అందుకున్నాడు. తప్పును ఒప్పుకోవడం తమ కంపెనీ రక్తంలోనే ఉందన్నాడు. ఆ మెసేజ్ మొత్తం గొంతు వణికిస్తూ చదివి వినిపించాడు. పక్కన లాయరమ్మ మెత్తగా కళ్ళు ఒత్తుకుంది.

ఆ కార్యక్రమం ఫోన్లో వస్తుంటే అక్కా తమ్ముడూ పక్కపక్కన కూర్చుని చూశారు. కింద తన పేరు కూడా చదువుతాడేమోనని కామా కొంచెం ముందుకు వంగాడు. డైరెక్టరు సరిగ్గా పేరుకు ముందు ఆగి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

చివర్లో ప్రశ్నలకు అవకాశమిచ్చారు. వెనక వరుసలోంచి ఒక విలేకరి లేచింది.

"అంత సూటిగా, అంత చక్కగా రాసిన ఆ ఉద్యోగి ఎవరండీ? ఆయనతో మాట్లాడొచ్చా?"

డైరెక్టరు మొహం గంభీరంగా మారిపోయింది.

"క్షమించాలి. అది ఒక వ్యక్తికి సంబంధించిన వివరం. ప్రాణం పోయినా మేము బయటపెట్టం."

హాలంతా చప్పట్లు మారుమోగిపోయాయి.

ముందుకు వంగిన కామా వెనక్కి వాలాడు. అక్క మాత్రం పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది.

"పోన్లేరా! ఒక్కరి వివరాలన్నా కాపాడారు!"